అవ్వ చేతిలో జీడిగింజ

వ్యక్తిత్వ వికాస పుస్తకం ఏది తెరిచినా "కాదని చెప్పడం ఎలా" అని ఒక అధ్యాయం ఉంటుంది. అందులో మనం కాదని చెప్పాల్సింది ఎప్పుడూ పై అధికారికో, అప్పడిగే స్నేహితుడికో, చిట్టీలో చేరమని వెంటపడే పక్కింటాయనకో. నిజానికి వాళ్లకు కాదని చెప్పడం అంత కష్టం కాదు. రెండుసార్లు ఫోను ఎత్తకపోతే వాళ్లకే అర్థమవుతుంది. మన మంచం పక్కన కూర్చుని, చేతిలో మందు పట్టుకుని, "కాలు ఇట్ల చాపు బిడ్డా" అనే అవ్వకు కాదని చెప్పడం కష్టం. ఆమెకు మనమంటే ప్రేమ. ఆమెది డెబ్బై ఏళ్ల అనుభవం. ఇంట్లో ఆమె మాటకు విలువ ఉంది. మన దగ్గర ఉన్నదల్లా కొంచెం అనుమానం, అదీ గట్టిగా బయటికి చెప్పలేనిది.

ఈ అధ్యాయం ఆ గడియ గురించి. ఉదాహరణగా ఒకే ఒక్క వస్తువును తీసుకుంటాను. నల్లజీడి గింజ.

అమావాస్య ముందురోజు హుజూర్‌నగర్ బజారులో పూజా సామాన్ల దుకాణానికి వెళితే ఈ గింజలు చిల్లరగా దొరుకుతాయి. నల్లగా నిగనిగలాడుతూ, అంగుళం లోపు పొడవుతో, కాస్త అణగదొక్కిన గుండె ఆకారంలో ఉంటాయి. నిమ్మకాయ, పచ్చిమిరపకాయలతో పాటు దారానికి గుచ్చి షట్టరుకో, ట్రాక్టరు ముందు భాగానికో, కొత్త ఆటో అద్దానికో కడతారు. కొన్ని ఇళ్లలో పసిపిల్లల మొలతాడుకు కూడా కడతారు. ఇది జీడిపప్పు ఇచ్చే జీడిమామిడి కాదు. మామిడి, జీడిమామిడి ఉన్న కుటుంబంలోనే సెమెకార్పస్ అనే మరో ప్రజాతి ఉంది. ఇండియా, శ్రీలంకల నుంచి ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల దాకా ఆ ప్రజాతిలో 80కి పైగా రకాల చెట్లున్నాయి. మన దుకాణంలో ఉన్నది సెమెకార్పస్ అనకార్డియం కాయ.

గింజ తెలిసినంతగా చెట్టు ఇక్కడివాళ్లకు తెలియదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద నేరేడుచర్ల, గరిడేపల్లి, హుజూర్‌నగర్, కోదాడ వైపంతా వరి మాగాణి అయింది. నల్లజీడి వరి గట్ల మీద పెరిగేది కాదు. ఎండాకాలంలో ఆకు రాల్చే అడవుల్లో, కృష్ణకు అవతల నల్లమలలో, ఇటు పైన ఆదిలాబాదు అడవుల్లో పెరుగుతుంది. అడవికి దగ్గరగా బతికేవాళ్లకు దాని మంచీ చెడూ రెండూ తెలుసు. కాయ మొదట్లో కండపట్టి పసుపు, నారింజ రంగుకు తిరిగే భాగాన్ని పండాక తింటారు. నల్ల పెంకును మాత్రం వట్టి చేత్తో పగలగొట్టరు. బజారులో కొన్న మనకు గింజ చేతికొచ్చింది గానీ, దాన్ని ఎలా పట్టుకోవాలన్న తెలివి దానితో పాటు రాలేదు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ఆ పెంకు లోపల ఏముందో రజకులకు బాగా తెలుసు. గింజలో సూది గుచ్చి తీస్తే మొన మీద తేనెరంగు బొట్టు నిలుస్తుంది. గాలి తగిలేకొద్దీ అది నల్లబడుతుంది. దానితో చొక్కా కాలరు లోపల, దుప్పటి అంచున చుక్కో గీతో పెట్టి పైన తడిసున్నం అద్దితే, బట్ట చిరిగేదాకా ఆ గుర్తు పోదు. రేవులో కలిసిపోయిన బట్టలు ఎవరింటివి వాళ్లింటికి చేరేది ఆ గుర్తు వల్లే. సామర్లకోటలో ఉండి మన తీరపు మొక్కలను చదివిన స్కాట్లండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్, 1795 నుంచి భాగాలుగా వెలువడిన తన కోరమాండల్ మొక్కల బొమ్మల పుస్తకంలో ఈ చెట్టుకూ చోటిచ్చాడు. సున్నం కలిపితే రంగు పాకకుండా నిలుస్తుందన్న సంగతీ రాశాడు.

ఎండిన ఆ గుర్తు కూడా ఊరికే ఉండదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇండియాలో దిగిన అమెరికా సైనికులకు మెడ వెనకా, నడుము దగ్గరా దురదతో దద్దుర్లు లేచాయి. వాళ్ల వైద్యులు వెతుక్కుంటూ పోతే, సరిగ్గా దద్దురు ఉన్నచోటే బట్ట మీద చాకలి గుర్తు కనబడింది. 1943లో ఆ సంగతి వైద్య పత్రికకు ఎక్కింది. ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసిన బట్ట మీది చుక్క చేసిన పని ఇది. మన అవ్వ చేతిలో ఉన్నది పచ్చి రసం.

నాట్ల కాలంలో గట్టు మీద జారి కాలు బెణుకుతుంది. అరికాల్లో తుమ్మముల్లు విరుగుతుంది. బురదలో నానీ నానీ మడమలు పగులుతాయి. వీటన్నిటికీ పల్లెల్లో ఒకటే మందు: జీడిగింజను దీపం మీద పట్టి, చిమిడిన రసాన్ని నొప్పి ఉన్నచోట చుక్కలుగానో గీతలుగానో పెట్టడం. "ఏం గాదు బిడ్డా, జీడి పెడితే పొద్దటికల్లా గుంజేస్తది" అంటుంది అవ్వ. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమెకు పెట్టినప్పుడు తగ్గి ఉంటుంది కూడా.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఎలా తగ్గింది? మామూలు బెణుకు ఏ మందూ పెట్టకపోయినా వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. చర్మం మీద మంట పుడితే లోపలి నొప్పి కాసేపు మరుగున పడుతుంది. తగ్గితే పేరు జీడికి వస్తుంది. పొక్కితే? "లోపలి చెడునీరు బయటికొచ్చింది, మంచిదే" అంటారు. పొక్కీ తగ్గకపోతే? "నీ ఒంటికి దిష్టి ఎక్కువుంది" అంటారు. అంటే ఏం జరిగినా గెలిచే మందు ఇది. ఈ పుస్తకంలో మరేదీ గుర్తులేకపోయినా ఫర్వాలేదు గానీ, ఎవరైనా ఏదైనా చిట్కా చెప్పినప్పుడు ముందుగానే ఒక మాట అడగడం అలవాటు చేసుకోండి: "ఇది పనిచెయ్యలేదని మనకు ఎట్లా తెలుస్తుంది?" జవాబు దొరకని మందు ఎంత పాతదైనా, దాన్ని ఎవరు చెప్పినా, ఒంటి మీదికి రానివ్వకూడదు. షేర్ల సలహాలకూ, పెళ్లి సంబంధాల జోస్యాలకూ కూడా ఇదే ప్రశ్న పనికొస్తుంది. ఆ సంగతి మరో అధ్యాయంలో.

జీడి రసం రెండు రకాలుగా దెబ్బ తీస్తుంది. పచ్చి రసం చిక్కగా తగిలితే ఎవరి చర్మమైనా కాలి బొబ్బలెక్కుతుంది. రెండోది అలర్జీ. అందులోని బిలవనాల్ అనే పదార్థాలు, అమెరికాలో పాయిజన్ ఐవీ తీగ వల్ల ఒళ్లు పొంగించే పదార్థాలకు దాయాదులు. అలర్జీకి ఒక మోసకారి గుణం ఉంది. మొదటిసారి ఏమీ కాకపోవచ్చు. ఒళ్లు ఆ పదార్థాన్ని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాతెప్పుడో రెండోసారి తగిలితే, అప్పుడు కూడా వెంటనే కాదు, ఒకటి రెండు రోజులు ఆగి, దద్దుర్లు, వాపు, నీటిబొబ్బలు, నిద్ర పట్టనివ్వని దురద మొదలవుతాయి. "పోయినేడు పెడితే ఏం కాలేదు కదా" అన్న మాట అందుకే పనికిరాదు. ఏం కాని పోయినేడే ఈ ఏటి పొక్కులకు పునాది వేసి ఉండొచ్చు. సోమవారం పెట్టిన జీడికి బుధవారం పొక్కులు లేస్తే ఆ రెంటికీ సంబంధం ఇంట్లో ఎవరికీ తట్టదు. మధ్యలో తిన్న వంకాయ కూర మీదికి నింద పోతుంది.

ఈ గుణాన్ని దొంగపనికి వాడుకున్నవాళ్లూ ఉన్నారు. పొలం తగాదాల్లో, కొట్టారని కేసు పెట్టాలనుకున్నవాళ్లు చేతి మీదో తొడ మీదో జీడి రాసుకుని, కమిలిన గాయమని చూపించేవారట. మన న్యాయవైద్య శాస్త్ర పుస్తకాల్లో కృత్రిమ గాయాల కింద జీడి పేరు తప్పకుండా ఉంటుంది. నిజం దెబ్బకు దురద ఉండదు. జీడి మచ్చ మీద చిన్న చిన్న నీటిపొక్కులుంటాయి, గోకిన వేళ్ల చివర్లకూ అవే పొక్కులు వస్తాయి, పైగా మచ్చ ఎప్పుడూ చెయ్యి అందే చోటే ఉంటుంది. వైద్యుడు దాంతో పట్టేస్తాడు. కర్రతో కొట్టిన దెబ్బలా కనబడే మచ్చను పుట్టించగల రసాన్ని బెణికిన కాలికి మందనుకోవడం ఎంత వింతో చూడండి.

సరే, కాదని చెప్పడం దగ్గరికి వద్దాం.

మొదట మనం ఏది కాదంటున్నామో మనకే తేలాలి. గుమ్మానికి కట్టిన జీడిగింజతో నాకు పేచీ లేదు. దిష్టి మీద మీ నమ్మకం మీది. ఆ దండ దుకాణం మీద వేలాడినంత కాలం ఎవరి చర్మమూ కాలదు. దాన్ని చూసి నవ్వి, "ఇవన్నీ మూఢనమ్మకాలు" అని ఉపన్యాసం మొదలుపెట్టే మనవడు, అసలు అవసరమైన రోజున మాట చెల్లని మనవడైపోతాడు. చదువుకున్న పిల్లలు ఎక్కువమంది ఈ పొరపాటే చేస్తారు. పదిచోట్ల నోరు పారేసుకుని, పదకొండో చోట నోరు చాలక ఊరుకుంటారు. నా లెక్క ఒకటే. గుమ్మం మీద ఉన్నంతవరకు సరే, ఒంటికి తగిలేదైతే కాదు. పసిపిల్ల మొలతాడుకు కట్టిన గింజ రెండో పక్కకే వస్తుంది. పెంకు పగిలినా, పిల్ల నోట్లో పెట్టుకున్నా ప్రమాదమే. ఆ ఒక్కచోట గట్టిగా నిలబడండి. "గుమ్మానికి రెండు కడదాం అవ్వా, పాపకు వద్దు" అంటే చాలాసార్లు ఒప్పుకుంటారు. అడిగింది రక్షణే కదా, అది ఇంకోచోటికి మారింది, అంతే.

రెండోది, చెప్పే సమయం. దీపం వెలిగించి, గింజ వేడిచేసి, నలుగురూ చుట్టూ చేరాక కాదంటే అది ఆమెకు నలుగురిలో అవమానం. గింజ కోసం డబ్బా వెతుకుతున్నప్పుడే చెప్పాలి. ఇంకా మంచిది, ఎవరికీ ఏమీ కాని రోజున, అన్నం తిని కూర్చున్నప్పుడు, "అవ్వా, జీడి నాకు పడదు, నాకెప్పుడూ పెట్టొద్దు" అని ముందే ఒక మాట వేసి ఉంచడం. "పడదు" అనేది మన ఇళ్లలో ఎదురులేని మాట. గోంగూర పడదంటే ఎందుకు పడదని ఎవరూ వాదించరు. "డాక్టరు చెప్పాడు" కంటే ఇది బాగా పనిచేస్తుంది. డాక్టరు చెప్పాడంటే అవ్వకూ డాక్టరుకూ పోటీ పెట్టినట్టు. పడదంటే ఎవరితోనూ పోటీ లేదు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. అవ్వ చేతికి ఇంకో పని ఇవ్వాలి. ఆమె గింజ పట్టుకుంది మనల్ని కాల్చడానికి కాదు, మనం బాధపడుతుంటే చేతులు ముడుచుకుని కూర్చోలేక. ఆ చేతుల్ని ఖాళీగా వదిలేస్తే మన "కాదు" ఆమెకు "నువ్వు అక్కర్లేదు" అని వినబడుతుంది. బెణికిన కాలుకు మొదటి రెండు రోజులూ చెయ్యాల్సిన పని ఉంది. గుడ్డలో ఐసు ముక్కలు చుట్టి, పావుగంట ఇరవై నిమిషాలు అద్దాలి, కాసేపాగి మళ్లీ అద్దాలి. క్రేప్ బ్యాండేజీ మరీ బిగించకుండా చుట్టాలి. కాలి కింద రెండు దిండ్లు పెట్టాలి. "ఐసు నువ్వే పట్టు అవ్వా, నాకు చెయ్యందడం లేదు" అనండి. మీ చెయ్యి అందుతుందని ఆమెకూ తెలుసు. అయినా పడుతుంది. ముల్లయితే సబ్బు నీళ్లతో కడిగి, తీసి, టీటీ ఇంజెక్షను సంగతి చూసుకోవాలి. మడమల పగుళ్లకు గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు నానబెట్టి, తుడిచి, రాత్రి వాజలీను రాసుకుంటే చాలు. ఆ కాలు మోపి నాలుగడుగులు కూడా వెయ్యలేకపోతే అది వట్టి బెణుకు కాకపోవచ్చు, ఎక్స్‌రే తీయించాలి.

ఇంట్లో సుగరు ఉన్నవాళ్ల పాదం విషయంలో మాత్రం ఈ నెమ్మది మాటలేవీ అక్కర్లేదు. అక్కడ మర్యాద కంటే పాదం ముఖ్యం. సుగరు పాతబడ్డవాళ్లకు అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది, మంట తెలియదు, రసం ఎంత లోతుకు కాల్చినా "చల్లగానే ఉంది" అంటారు. ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. కొన్నిసార్లు మానదు. నిలబడి, గింజ చేతిలోంచి తీసుకుని, బయట పెట్టి రండి. అలక తర్వాత తీర్చుకోవచ్చు.

ఇంత చెప్పినా ఒక్కోసారి మనం ఇంటికి చేరేసరికే జీడి పెట్టేసి ఉంటారు. అప్పుడు తిట్లకు టైము లేదు. మొదటి కొద్ది నిమిషాలు చాలా విలువైనవి. కొళాయి కింద పెట్టి, సబ్బుతో, ధారాళంగా నీళ్లతో కడగాలి. గోళ్ల సందుల్లో కూడా. పెట్టినవాళ్ల చేతులు కూడా. కడగకముందే కొబ్బరినూనో నెయ్యో రాస్తే రసం ఇంకాస్త దూరం పాకుతుంది. ఆ బట్టలు విడిగా ఉతకాలి. పొక్కులు లేస్తే చల్లటి తడిగుడ్డ వెయ్యండి, కాలమైన్ లోషను రాయండి, గిల్లకండి. పొక్కుల్లోని నీళ్లు తగిలితే పక్కవాళ్లకు అంటుతుందన్నది ఉత్తి భయం. రోజుకో కొత్తచోట పొక్కు లేవడం చూసి అలా అనుకుంటారు. రసం తక్కువ తగిలినచోట ఆలస్యంగా లేస్తుంది, అంతే. కళ్లు, ముఖం, మర్మాంగాల దగ్గర తగిలినా, ఒంట్లో ఎక్కువ భాగం పొంగినా, జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా, ఎవరైనా మింగినా ఇంట్లో కూర్చోకూడదు. గింజల్ని నిప్పుల్లో వేస్తే వచ్చే పొగ కూడా ముఖాన్ని, కళ్లను పొంగిస్తుంది.

మూత్రం మాట ఊరికే అనలేదు. నల్లజీడి రసం తగిలాక కిడ్నీ దెబ్బతిన్న సంగతిని వెల్లూరు వైద్యులు 1979లోనే ప్రచురించారు.

"మరి ఆయుర్వేదంలో భల్లాతకం ఉంది కదా" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఉంది. చరకుడు రసాయనాల్లో చెప్పాడు కూడా. కానీ ఆ శాస్త్రమే దీన్ని శుద్ధి చెయ్యకుండా వాడొద్దంది. గింజలను ఇటుక పొడితో రుద్ది, కడిగి, రసం తీసేశాకే మందులోకి తీసుకుంటారు. మన ఔషధ చట్టం షెడ్యూల్ ఇ(1)లో, విషపదార్థాలున్న ఆయుర్వేద మందుల జాబితాలో భల్లాతకం ఉంది. అలాంటి మందుల డబ్బా మీద వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలి. దీపం మీద వేడిచేసిన గింజకు ఆ శుద్ధీ లేదు, ఆ హెచ్చరికా లేదు. యూట్యూబులో జుట్టు రాలడానికీ, కీళ్లనొప్పులకూ జీడి చిట్కాలు చెప్పేవాళ్లలో ఈ మాట చెప్పేవాళ్లు అరుదు. వాళ్లకు కాదని చెప్పడానికి మర్యాదలేవీ అక్కర్లేదు, బొటనవేలు చాలు.

ఒకసారి జీడి పొక్కినవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. మామిడికాయ ముచ్చిక విరిచినప్పుడు చిమ్మే సొన కూడా వాళ్లను ఇబ్బంది పెట్టొచ్చు. మామిడిపండును తొక్కతో కొరికితే పెదాల చుట్టూ దురద పుట్టొచ్చు. పండు మానక్కర్లేదు, కడిగి, తొక్క తీసి, ఇంకెవరైనా కోసి ఇస్తే తినొచ్చు. ఆవకాయ రోజుల్లో కాయలు కోసే పని మాత్రం వేరేవాళ్లకు అప్పగించండి. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లను నల్లగా కాల్చే పెంకు నూనె కూడా ఈ కుటుంబానిదే.

ఇక ఆసుపత్రి. హుజూర్‌నగర్ ఏరియా ఆసుపత్రికి వెళ్లినా, 2019 నుంచి మెడికల్ కాలేజీ నడుస్తున్న సూర్యాపేటకు వెళ్లినా, చాలామంది అక్కడ చేసే పని ఒకటుంది: జీడి సంగతి దాచేస్తారు. డాక్టరు చీవాట్లు పెడతాడని, పల్లెటూరివాళ్లనుకుంటాడని. అప్పుడు ఆయన ఆ ఎర్రటి వాపును చూసి చీముపట్టిందనో, ఇంకేదో సోకిందనో అనుకోవచ్చు, అవసరం లేని మందులు రాయొచ్చు. "జీడి పెట్టాం సార్" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. చెప్పడానికి అవ్వనే వెంట తీసుకెళ్లండి. గింజ పచ్చిదా పాతదా, వేడిచేశారా లేదా, ఎన్ని చుక్కలు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఇంతకుముందు ఎప్పుడైనా పెట్టారా అని డాక్టరు అడిగేవాటికి సరైన జవాబులు ఆమె ఒక్కదాని దగ్గరే ఉన్నాయి. ఆమెను అడగమని డాక్టరుకు చెప్పి, మీరు పక్కకు జరగండి.